బామియాన్... బుద్ధుడు లేని గూడు

అఫ్గానిస్థాన్ నడిబొడ్డున, సముద్ర మట్టానికి దాదాపు 8,200 అడుగుల ఎత్తున ఓ లోయ ఉంది. అటు హిందూకుష్ పర్వతాలు, ఇటు కోహ్-ఇ-బాబా శ్రేణి. మధ్యలో పచ్చటి పొలాలు, పోప్లార్ చెట్లు, మట్టి ఇళ్లు. పండేది ఎక్కువగా గోధుమ, బంగాళాదుంప. బామియాన్ దుంపలంటే కాబూల్ బజార్లలో మంచి గిరాకీ. లోయకు ఉత్తరాన గోడ కట్టినట్టు నిటారుగా ఓ కొండ నిలబడి ఉంటుంది. ఆ కొండ నిండా తేనెపట్టులో గదుల్లా గుహలే. దాదాపు వెయ్యి ఉంటాయని లెక్క. వాటి మధ్య రెండు పెద్ద గూళ్లు. మన పాత ఇళ్లల్లో దీపం పెట్టుకోవడానికి గోడలో వదిలే గూడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. కాకపోతే ఒకదాన్లో పద్దెనిమిది అంతస్తుల మేడ పడుతుంది!

ఆ గూళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. 2001 మార్చి దాకా ఉన్నారు. పెద్ద గూట్లో 55 మీటర్ల బుద్ధుడు, అక్కడికి తూర్పున 38 మీటర్ల బుద్ధుడు. ఈ ఎత్తు ఎంతో ఊహకు అందాలంటే హైదరాబాద్ వెళ్లాలి. హుస్సేన్ సాగర్ నడుమ నిలబెట్టిన బుద్ధ విగ్రహం ఎత్తు 58 అడుగులు. అలాంటివి మూడు ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినా బామియాన్ పెద్ద బుద్ధుడికి ఇంకా కొన్ని అడుగులు తక్కువే. హుస్సేన్ సాగర్ విగ్రహానికి క్రేన్లున్నాయి, ట్రెయిలర్ లారీలున్నాయి. అంత యంత్రాంగం ఉండి కూడా 1990లో పంటుతో సహా నీళ్లలో మునిగిపోయి, 1992లో గానీ నిలబడలేదు. మరి పద్నాలుగు వందల ఏళ్ల కిందట, మంచు కొండల మధ్య, ఉలీ సుత్తీ తప్ప వేరే సాధనం లేనివాళ్లు అంత పని ఎలా చేశారు? అసలెందుకు చేశారు?

దారి పక్క ఊరు

ముందు ఎందుకో చూద్దాం.  బుద్ధుడు పుట్టిన లుంబినీ, జ్ఞానం పొందిన బోధ్‌గయ ఇక్కడికి ఎంతో దూరం. ఆ మహానుభావుడు జీవితంలో ఇటువైపు వచ్చినట్టు చరిత్రలో ఎక్కడా లేదు. కానీ ఇది దారి పక్క ఊరు. చైనా పట్టు, రోమ్ గాజు, మన దేశపు సుగంధ ద్రవ్యాలు చేతులు మారే మహా బాటలో భాగం. బాల్ఖ్ నుంచి గాంధార దేశానికి దిగాలన్నా, అక్కణ్నుంచి ఇటు ఎక్కాలన్నా ఒంటెల బిడారులు ఈ లోయలో ఆగాల్సిందే. ఎదురుగా ఇంకో పెద్ద కనుమ. మంచు కురిస్తే దారి కనపడదు. దొంగల భయం సరేసరి. అలాంటిచోట వర్తకుడు చేసే మొదటి పని దేవుడికి దణ్నం పెట్టుకోవడం. ప్రాణాలతో దాటితే రెండో పని హుండీలో డబ్బులు వెయ్యడం. బెజవాడ ఘాటు దిగే లారీ డ్రైవరు దుర్గమ్మ కొండకేసి చూసి చెంపలేసుకున్నట్టే! ఆ కానుకలతోనే ఇక్కడి ఆరామాలు పెరిగాయి. కొండలో గుహలు తొలుచుకుని వేల మంది భిక్షువులు కాపురం ఉన్నారు. విగ్రహాలకు సొమ్ము కూడా అలా పోగైందే అయ్యుంటుంది.

ఇక రెండో కారణం మతంలోనే ఉంది. ఇక్కడి భిక్షువులు లోకోత్తరవాదులని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. బుద్ధుడు అందరిలాంటి మనిషి కాడు, లోకాన్ని మించినవాడు, ఆయన తిన్నట్టు నిద్రపోయినట్టు కనిపించినా అదంతా లోకం కోసమే అన్నది వాళ్ల నమ్మకం. అలాంటి బుద్ధుణ్ని మనిషి ఎత్తులో చూపిస్తే ఏం బాగుంటుంది? కొండంత వాడని చెప్పాలంటే కొండలోనే చెక్కాలి. ఇక్కడ మన తెలుగు నేలకూ ఓ చుట్టరికం ఉంది. లోకోత్తరవాదులు మహాసాంఘికుల్లో ఓ శాఖ. అదే చెట్టుకు కాసిన మరికొన్ని కొమ్మలు పూర్వశైలులు, అపరశైలులు. వాళ్ల కేంద్రాలు అమరావతి, నాగార్జునకొండ ప్రాంతాలు. వాళ్లను కలిపి అంధకులని కూడా పిలిచేవారు. అంటే కృష్ణా తీరపు భిక్షువుకూ, హిందూకుష్ గుహలో భిక్షువుకూ ముఖపరిచయం లేకపోయినా వంశవృక్షం ఒకటే. రెండు చోట్లకీ వెళ్లి చూసి, రెండింటి గురించీ రాసిన మనిషి కూడా ఒక్కడున్నాడు. అతనే హ్యూయన్‌త్సాంగ్. 630 ప్రాంతంలో బామియాన్‌లో ఉన్నాడు, ఇంచుమించు పదేళ్ల తర్వాత మన ధాన్యకటకంలో ఉన్నాడు.

గడ్డిపోచ చెప్పిన సాక్ష్యం

బామియాన్ కొండ చెక్కడానికి అంత మంచి రాయి కాదు. గులకరాళ్లు, ఇసుక, మట్టి కలిసి గట్టిపడిన రాయి. ఉలి పెడితే ముక్కు చెక్కేచోట గులకరాయి ఊడొస్తుంది. అందుకని శిల్పులు ఉపాయం పన్నారు. కొండను గూడులా తొలుస్తూ, మధ్యలో మనిషి ఆకారాన్ని మాత్రం మోటుగా వదిలేశారు. వీపు కొండకు అతుక్కునే ఉంటుంది. సన్నపని అంతా మట్టితో. మన పల్లెల్లో మట్టి గోడ పగలకుండా గడ్డి తొక్కి కలిపినట్టే, వాళ్లు కూడా మట్టిలో తరిగిన గడ్డి, పొట్టు, జంతువుల వెంట్రుకలు కలిపి తాపడం చేశారు. పెద్ద విగ్రహం మీద రాతిలో కొయ్య మేకులు దిగ్గొట్టి, వాటికి తాళ్లు కట్టి, తాళ్ల మీద మట్టి మెత్తారు. ఉత్తరీయం మడతలు నీళ్లలో తడిసి ఒంటికి అంటుకున్నట్టు కనపడటం వెనక కిటుకు అదే. ఆపైన గార, దానిపైన రంగులు.

అవును, రంగులు! ఫొటోల్లో మట్టిరంగులో కనిపించే ఆ బుద్ధుళ్లు ఒకప్పుడు ముదురు రంగుల్లో మెరిసిపోయేవాళ్లు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం నిపుణులు పేలిపోయిన ముక్కల్ని పరీక్షించి, ఒకసారి కాదు, పలుమార్లు రంగులు వేశారని తేల్చారు. చివరి రోజుల్లో పెద్దాయన వస్త్రం ఎరుపు, చిన్నాయన వస్త్రం తెలుపు. ఆ మాట 11వ శతాబ్దపు పుస్తకాల్లోనూ ఉంది. అప్పటివాళ్లు వీటిని ‘సుర్ఖ్ బుత్’, ‘ఖింగ్ బుత్’ అనేవారు. ఎర్ర బుద్ధుడు, తెల్ల బుద్ధుడు అని. గజనీ మహమూద్ ఆస్థాన కవి ఉన్సురీ ఆ రెండు పేర్లతో ఓ ప్రేమకావ్యమే రాశాడు. విగ్రహాలు పగలగొట్టిన సుల్తాను కొలువులో విగ్రహాల ప్రేమకథ! చరిత్ర ఇలాంటి తమాషాలు చేస్తూనే ఉంటుంది. అన్నట్టు, ఉర్దూలో విగ్రహాన్ని ‘బుత్’ అంటారని పాతబస్తీ వాళ్లకు తెలిసిందే. ఆ మాట బుద్ధుడి పేరు నుంచి పుట్టిందే.

విగ్రహాలు ఎప్పటివన్న తగాదా చాలా ఏళ్లు నడిచింది. మూడో శతాబ్దమని ఒకరు, ఐదని ఇంకొకరు. చివరికి తీర్పు చెప్పింది గడ్డిపోచలు. మట్టిలో కలిపిన గడ్డి వంటి వాటికి కార్బన్ పరీక్ష చేస్తే చిన్న విగ్రహం 544కూ 595కూ మధ్య, పెద్దది 591కీ 644కీ మధ్య తయారైనట్టు తేలింది. ఈ పరీక్ష విగ్రహాలు కూలాకే జరిగింది. కూలితే గానీ వయసు తెలియలేదన్నమాట. దీంతో ఇంకో సంగతి కూడా తేటపడింది. 630లో హ్యూయన్‌త్సాంగ్ తలెత్తి చూసిన పెద్ద బుద్ధుడు ప్రాచీన విగ్రహం కాదు. అతని కళ్లకు అది దాదాపు కొత్తది!

చైనా భిక్షువు చూసిందేమిటి?

బామియాన్ రాజు స్వయంగా ఎదురొచ్చి అతన్ని కోటలోకి తీసుకెళ్లాడు. పదుల సంఖ్యలో ఆరామాలు, వేలల్లో భిక్షువులు ఉన్నారని అతను రాశాడు. ఈశాన్యాన కొండవాలులో నిలబడిన రాతి బుద్ధుడు, బంగారు వన్నె ధగధగలు, ఒంటినిండా రత్నాభరణాలు, కళ్లు జిగేల్‌మంటాయన్నాడు. దానికి తూర్పున ఉన్న విగ్రహం శాక్యముని అనీ, లోహంతో ముక్కలు ముక్కలుగా పోతపోసి అతికించారనీ రాశాడు. నిజానికి అదీ రాయే. పైపూత మెరుపు చూసి లోహమని పొరబడ్డాడని పండితుల అభిప్రాయం. పెద్దాయన ఫలానా బుద్ధుడని మాత్రం అతను చెప్పలేదు. వైరోచనుడని ఎక్కువమంది అంటారు. ఆ చర్చ తెగలేదు.

మూడో విగ్రహం గురించి కూడా రాశాడు. ఊరికి తూర్పున ఓ ఆరామంలో వెయ్యి అడుగుల నిర్వాణ బుద్ధుడు పడుకుని ఉన్నాడట! ఇది మాత్రం ఎవరికీ కనపడలేదు. అఫ్గాన్ పురావస్తు శాస్త్రవేత్త జెమర్యలాయ్ తర్జీ ఏళ్ల తరబడి తవ్వించాడు. 2008లో దొరికింది వేరే శయన బుద్ధుడు, పొడవు 19 మీటర్లే. అది కూడా బాగా దెబ్బతిని ఉంది. వెయ్యి అడుగుల విగ్రహం నిజంగా ఉండేదా, భిక్షువు ఉత్సాహంలో లెక్క పెరిగిందా? మిగతా లెక్కలు ఇంచుమించు సరిగ్గానే రాసిన మనిషి కాబట్టి కొట్టిపారెయ్యడానికీ మనసొప్పదు.

విగ్రహాల ముఖాల మీద కూడా వాదన ఉంది. 2001కి ముందు తీసిన ఫొటోలు చూస్తే, రెండు విగ్రహాలకూ పెదవి పైనుంచి నుదురు దాకా ముఖం ఉండదు. కత్తితో బెల్లం దిమ్మ కోసినట్టు నున్నగా తెగి ఉంటుంది. ఔరంగజేబు ఫిరంగులు పేల్పించాడని ఒక కథ, నాదిర్‌షా అని ఇంకో కథ. కానీ ఫిరంగి పేలిస్తే రాయి పగులుతుంది తప్ప అంత తీరుగా తెగదు. పైగా రెంటికీ ఒకేలాగా! అందుకే అసలు ముఖం రాతిలో చెక్కనే లేదనీ, కొయ్యతో చేసి లోహపు రేకు తొడిగిన ముఖాన్ని అక్కడ బిగించేవారనీ కొందరు నిపుణులు చెబుతారు. ఈ మాటే నమ్మబుద్ధేస్తుంది. దేవుడికి వెండి తొడుగు, బంగారు తొడుగు వెయ్యడం మనకేమీ వింత కాదుగా.

ఒక చెయ్యి అభయముద్రలో ఉండేదని ఊహ. ముంజేతులు ఎప్పుడో రాలిపోయాయి. గూటి పైకప్పు నిండా చిత్రాలు. చిన్న బుద్ధుడి నెత్తి మీద రెక్కల గుర్రాలు లాగే రథంలో సూర్యుడు. ఆ రథం తీరు, ఆ దుస్తులు చూస్తే ఇరాన్, గ్రీసు, భారతదేశం మూడూ ఒకే గోడ మీద కలిసినట్టుంటుంది. బిడారులు సరుకులతోపాటు దేవుళ్లను కూడా మోసుకొచ్చాయి మరి.

చంగీజ్‌ఖాన్ కూడా వదిలేశాడు

లోయలోకి ఇస్లాం నెమ్మదిగా వచ్చింది. 727లో వచ్చిన కొరియా భిక్షువు హ్యేచో నాటికి ఇక్కడ ఇంకా బౌద్ధమే. తొమ్మిదో శతాబ్దంలో సఫారీ పాలకుడు యాకూబ్ ఇక్కడి ఆలయాలు దోచి, విగ్రహాలను బాగ్దాద్‌కు పంపాడు. భిక్షువులు పోయారు, గుహలు మిగిలాయి. పెద్ద విగ్రహాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 1221లో చంగీజ్‌ఖాన్ వచ్చాడు. కోట ముట్టడిలో అతని ముద్దుల మనవడు బాణం దెబ్బకు చచ్చిపోయాడు. ఆ కోపంలో లోయలో ప్రాణమున్న దేన్నీ బతకనివ్వద్దన్నాడట. ఆ కోట శిథిలాలు బుద్ధుళ్లకు ఎదురుగా ఇప్పటికీ ఉన్నాయి. పేరు షహర్-ఎ-గుల్‌గులా. ఆర్తనాదాల నగరం అని అర్థం. ప్రాణమున్నవాళ్లందర్నీ చంపినవాడు ప్రాణం లేని ఆ రెంటినీ ఏమీ చెయ్యలేదు!

తర్వాతి వందల ఏళ్లలో జనం అవి బుద్ధుడివన్న సంగతే మరిచిపోయారు. అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రాసిన ‘అయినీ అక్బరీ’లో ఇక్కడి విగ్రహాల ప్రస్తావన ఉంది. పురుషుడు, స్త్రీ, శిశువు అని రాశాడు. లోయలో ఉండే హజారాలు ఓ చక్కటి కథ అల్లుకున్నారు. పెద్దాయన పేరు సల్సాల్. చిన్న విగ్రహం అసలు మగవాడే కాదు, షామామా అనే రాకుమారి. ఇద్దరూ ప్రేమించుకున్నారు. పెళ్లి కాలేదు. చెరో గూట్లో రాయైపోయి నిలబడ్డారు. కథ ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా చెబుతారుగానీ సారం ఇదే. ముస్లిముల ఇళ్లల్లో బామ్మలు మనవలకు బుద్ధ విగ్రహాల కథ చెప్పి నిద్రపుచ్చేవారంటే ఆ విగ్రహాలు ఎవరివి అనే ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు.

1832లో అలెగ్జాండర్ బర్న్స్ అనే ఆంగ్లేయ అధికారి బొమ్మ గీసుకుని వెళ్లి ఐరోపాకు చూపించాడు. 1920ల నుంచి ఫ్రెంచివాళ్లు తవ్వకాలు చేశారు. 1969లో మన పురావస్తు శాఖ రంగంలోకి దిగింది. 1977 దాకా భారత నిపుణులు, అఫ్గాన్ కార్మికులు కలిసి పగుళ్లు పూడ్చారు, నీళ్లు కారకుండా కాలువలు తీశారు, బీటలిచ్చిన గూటి అంచుల్ని నిలబెట్టారు.  ఆ రోజుల్లో బస్సులేసుకుని విదేశీ యాత్రికులు దిగేవారు. కొండ లోపల తొలిచిన మెట్లెక్కి బుద్ధుడి తల మీదికి చేరుకోవచ్చు. అక్కడ కూర్చుంటే లోయంతా కాళ్ల కింద. ఆ ఫొటోలు ఇప్పటికీ ఎన్నో ఇళ్ల ఆల్బముల్లో ఉంటాయి.

పాతిక రోజుల్లో పోయింది

సోవియట్ సేనలు వచ్చాయి, అంతర్యుద్ధం వచ్చింది. గుహల్లో నిలవనీడలేని కుటుంబాలు తలదాచుకున్నాయి. పొయ్యి పొగకు పైకప్పు చిత్రాలు నల్లబడ్డాయి. బుద్ధుడి కాళ్ల దగ్గర తుపాకిగుళ్లు నిల్వ ఉంచారు. 1998లో బామియాన్ తాలిబాన్ల చేతికి చిక్కింది. షియాలైన హజారాల మీద దారుణాలు జరిగాయి. అయినా 1999 జులైలో తాలిబాన్ అధినేత ముల్లా ఒమర్ ఇచ్చిన ఆదేశం ఏమిటో తెలుసా? విగ్రహాలను కాపాడాలని! అఫ్గానిస్థాన్‌లో బౌద్ధులు లేరు కాబట్టి వాటిని పూజించేవాళ్లు లేరు, విదేశీ యాత్రికులు వస్తే ఆదాయం వస్తుంది అన్నది అందులో మాట. ఏడాదిన్నర తిరిగేసరికి మాట తిరగబడింది. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు, కరువు, అల్‌ఖైదా ప్రభావం... కారణాలు చాలా చెబుతారు. 2001 ఫిబ్రవరి 26న దేశంలోని విగ్రహాలన్నీ కూల్చాలని అదే ఒమర్ పేరుతో ఆదేశం వెలువడింది.

ప్రపంచం గగ్గోలు పెట్టింది. యునెస్కో దూతను పంపింది. విగ్రహాలను తీసుకెళ్లి తమ దగ్గర భద్రపరుస్తామని భారతదేశం ముందుకొచ్చింది. కొండకు అతుక్కున్న విగ్రహాన్ని ఎలా తీసుకెళ్తారని నవ్వినవాళ్లున్నారు. అడిగిన మనసు మాత్రం నవ్వాల్సింది కాదు. పాకిస్థాన్ మంత్రి కాందహార్ వెళ్లి బతిమాలాడు. ఇస్లామిక్ దేశాల సంస్థ మతపండితుల బృందాన్ని పంపింది. ఇన్నాళ్లూ ఏ ముస్లిం పాలకుడూ చెయ్యని పని మీరెందుకు చెయ్యాలని వాళ్లూ అడిగారు. ఫలితం సున్నా.

విగ్రహాలు అంత సులువుగా కూలలేదు. విమానాలను కూల్చే తుపాకులతో కాల్చారు, ఫిరంగులు పేల్చారు. పైపైన పెళ్లలు రాలాయి తప్ప ఒళ్లు కదల్లేదు. కాళ్ల దగ్గర మందుపాతరలు పేర్చారు. చివరికి ఊళ్లోని హజారా మగవాళ్లను బందీలుగా తెచ్చి, తాళ్లతో కొండ మీద నుంచి వేలాడదీసి, రాతిలో బెజ్జాలు వేయించి పేలుడు పదార్థాలు కూరించారు. షామామాను, సల్సాల్‌ను కథలుగా విని పెరిగినవాళ్ల చేతులతోనే ఆ పని చేయించారు. తిరగబడితే చావే. అందులో పాల్గొనాల్సి వచ్చినవాళ్లు తర్వాత విలేకరుల ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మార్చి నెలాఖరు కల్లా రెండు గూళ్లూ ఖాళీ. కొండకు అంటుకుని ఆ ఆకారపు జాడ మాత్రం చారలా మిగిలింది.

శిథిలాల్లో దొరికినవి

తాలిబాన్లు గద్దె దిగాక నిపుణులు వచ్చారు. 2003లో బామియాన్ లోయను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే రోజున ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేర్చింది. పేలుళ్లకు గూటి గోడలే బీటలిచ్చాయి. వాటిని ఇనుప కడ్డీలు దిగ్గొట్టి నిలబెట్టారు. నేల మీద గుట్టలుగా పడిన ముక్కల్ని ఏరి, నంబర్లు వేసి, రేకుల షెడ్లలో పెట్టారు. కొన్ని అరచేతిలో పడతాయి, కొన్ని కదపాలంటే క్రేను కావాలి.

పెద్ద బుద్ధుడి శిథిలాల్లో ఓ విచిత్రం బయటపడింది. భూర్జపత్రం మీద రాసిన సంస్కృత సూత్రం ముక్కలు. విగ్రహం కట్టేటప్పుడు లోపల దాచి ఉంటారు. అందులో ఉన్నది ప్రతీత్య సముత్పాదం. ఇది ఉంటే అది పుడుతుంది, ఇది పోతే అదీ పోతుంది అని చెప్పే బౌద్ధ సిద్ధాంతం. బుద్ధుడి బోధను విగ్రహం గర్భంలో ఉంచితే ఆయనే అందులో ఉన్నట్టని నమ్మకం. మన గుళ్లల్లో విగ్రహం కింద యంత్రం పెట్టడం లాంటిదే. విగ్రహం నిలబడి ఉన్నన్నాళ్లూ ఆ పత్రాన్ని ఎవరూ చూడలేదు.

గుహల గోడలు మరో సంగతి చెప్పాయి. 2008లో శాస్త్రవేత్తలు ఇక్కడి చిత్రాల్లోంచి చిన్న చిన్న నమూనాలు తీసి పరీక్షిస్తే, పరిశీలించిన యాభై గుహల్లో పన్నెండింట తైలవర్ణాలు కనిపించాయి. అక్రోటు, గసగసాల నూనెల్లాంటివి కలిపి వేసిన రంగులవి. ఏడో శతాబ్దం నడిమివి. తైలవర్ణ చిత్రాలు ఐరోపా వాళ్లు కనిపెట్టారని చదువుకున్నాం. వాళ్లకంటే వందల ఏళ్ల ముందు ఓ కొండగుహలో పేరు తెలియని చిత్రకారుడు అదే పని చేసి వెళ్లిపోయాడు.

మళ్లీ కట్టాలా, వద్దా?

ఇరవై ఏళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న ఇది. ముక్కల్ని అతికించి నిలబెట్టాలని కొందరు జర్మన్ నిపుణుల మాట. స్థానికుల్లో చాలామందిదీ అదే కోరిక. విగ్రహం ఉంటే యాత్రికులు వస్తారు, హోటళ్లు నడుస్తాయి, పిల్లల చదువులకు నాలుగు డబ్బులొస్తాయి. తప్పేముంది? కానీ పైపూత, సన్నపని మొత్తం పోయింది. మిగిలిన ముక్కలు సరిపోవు. కొత్త సిమెంటు, కొత్త రాయి ఎక్కువైతే అది బామియాన్ బుద్ధుడవుతుందా, బొమ్మవుతుందా? పూర్తిగా పునర్నిర్మించడం ఇప్పట్లో కుదరదని 2011లో యునెస్కో నిపుణుల బృందం తేల్చింది. ఆ తర్వాత 2013లో చిన్న గూట్లో పాదాలను పోలిన స్తంభాలు లేచేసరికి పెద్ద గొడవైంది. చెప్పకుండా కట్టారని యునెస్కో పని ఆపించింది. అంత డబ్బుంటే ముందు ఆసుపత్రి కట్టండి అన్నవాళ్లూ ఉన్నారు. కనీసం ఒక గూడు ఖాళీగా ఉంచాలి, జరిగింది రేపటివాళ్లకు తెలియాలి అన్నది ఇంకో వాదన.

ఈ చివరి మాట తెలుగువాళ్లకు మరీ కొత్తగా అనిపించకూడదు. అమరావతి తొలినాటి శిల్పాలు చూడండి. బుద్ధుడి చుట్టూ భక్తులు మోకరిల్లి ఉంటారు. మధ్యలో బుద్ధుడు మాత్రం ఉండడు. ఖాళీ సింహాసనం, దాని ముందు రెండు పాదముద్రలు, లేదంటే ఓ చక్రం. విగ్రహం చెక్కడం మొదలవక ముందు ఆయన ఉన్నాడని చెప్పిన పద్ధతి అది. ఆ ఖాళీ భక్తితో వదిలింది, ఈ ఖాళీ బాంబుతో చేసింది. రెండూ ఒకటేనని చెప్పడం అన్యాయం. కాకపోతే ఖాళీ ముందు నిలబడి దణ్నం పెట్టే అలవాటు బౌద్ధంలో ఆది నుంచీ ఉంది. బామియాన్ వచ్చిన జపాన్, శ్రీలంక భక్తులు ఆ గూడు ముందు నిలబడి చేసింది కూడా అదే.

2015 జూన్‌లో చైనా నుంచి వచ్చిన దంపతులు ప్రొజెక్టర్లు పెట్టి రాత్రిపూట పెద్ద గూట్లో కాంతితో బుద్ధుణ్ని నిలబెట్టారు. జనం గుమిగూడి పాటలు పాడుకున్నారు. 2021 మార్చిలో, కూల్చివేతకు ఇరవై ఏళ్లు నిండినప్పుడు మరోసారి అలాగే వెలుగులో చూపించారు. అప్పటికి ఇంకో అయిదు నెలల్లో ఏం జరగబోతోందో చాలామందికి అర్థమవుతూనే ఉంది. ఆగస్టులో తాలిబాన్లు మళ్లీ కాబూల్‌లో అడుగుపెట్టారు.

చూడాలనుకునేవాళ్లకు

చిత్రమేమిటంటే తాలిబాన్లు తిరిగొచ్చాక కూడా బామియాన్ తలుపులు మూయలేదు. గూళ్ల దగ్గర తుపాకులు పట్టుకున్న కాపలాదారులున్నారు, చూడాలంటే టికెట్టు కొనాలి. విగ్రహాలు కూల్చినవాళ్ల ప్రభుత్వమే విగ్రహాలు లేని చోటికి రుసుం వసూలు చేస్తోంది! విదేశీ యాత్రికులు మళ్లీ రావడం మొదలైంది. అంతలోనే 2024 మే నెలలో బామియాన్ బజారులో యాత్రికుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లలో ముగ్గురు స్పెయిన్ దేశస్థులు. బామియాన్‌కు పడమటగా నీలాల రాశుల్లాంటి బంద్-ఎ-అమీర్ సరస్సులున్నాయి. 2009లో దేశంలోనే మొదటి జాతీయ పార్కు అయింది అదే. అక్కడ పార్కు కాపలాదారులుగా ఆడపిల్లలు కూడా పనిచేశారు. 2023 ఆగస్టులో తాలిబాన్ మంత్రి మహిళలు అక్కడికి రావద్దన్నాడు. కుటుంబంతో సరదాగా వెళ్లొచ్చే చోటు కాదు ఇది, ఇప్పట్లో. వెళ్లి తీరాలనుకునేవాళ్లు మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చదవకుండా కాలు కదపకూడదు.

కొండంత బుద్ధుణ్ని కళ్లారా చూడాలన్న కోరిక తీరే దారులు వేరే ఉన్నాయి. చైనాలోని లెషాన్‌లో మూడు నదులు కలిసేచోట 71 మీటర్ల మైత్రేయ బుద్ధుడు కాళ్లు కిందికి దించి కూర్చుని ఉన్నాడు. 713లో మొదలెట్టి 803లో పూర్తిచేశారు. నది ఒడ్డునుంచి చూస్తే తల కొండ పైకి ఉంటుంది. వానలే ఆయన శత్రువు. జుట్టు ముడుల వెనక, చెవుల వెనక నీళ్లు పోవడానికి తూములు తొలిచారు. ఇంకా దగ్గర్లో కావాలంటే శ్రీలంక ఉంది. కాలవెవ చెరువుకు దగ్గర్లో అవుకన బుద్ధుడు అయిదో శతాబ్దం నుంచి నిలబడే ఉన్నాడు. నలభై అడుగులకు అటూ ఇటూ ఎత్తు. ఒకే బండరాయి. వీపు దగ్గర సన్నటి రాతి పలక మాత్రం వదిలారు. ఆ వస్త్రపు మడతలు చూస్తే అమరావతి శిల్పులు గుర్తొస్తారని కళాచరిత్రకారులంటారు. అందులో ఆశ్చర్యమేం లేదు. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఓ విహారం ఉండేది. పల్నాటి సున్నపురాయితో చేసిన శిల్పాలు శ్రీలంకలో దొరికాయి. ఆ రాకపోకలన్నీ పడవల మీదే. ఇప్పుడైతే చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర.